రైల్వే గేటు సమస్యని ఎంపీ చేత పార్లమెంట్‌లో అడిగించడం ఎలా

మన దగ్గర మామూలుగా జరిగేది ఏంటంటే, ఎంపీ గారు ఊరికి వస్తారు, శాలువా కప్పుతాం, వినతిపత్రం చేతిలో పెట్టి ఫొటో దిగుతాం, ఆ కాగితం అట్నుంచి అటే పీఏ బ్యాగులోకి పోతుంది, ఇక దాని సంగతి దేవుడికే తెలియాలి. నిజంగా పని అవ్వాలంటే వినతిపత్రం కాదు, నేరుగా సభలో పెట్టడానికి పనికొచ్చే ప్రశ్నే రాసి ఇవ్వాలి. రైల్వే గేటు దగ్గర గంటలు గంటలు ఆగిపోయే ఊళ్ళు మన రెండు రాష్ట్రాల్లో బోలెడు ఉన్నాయి కాబట్టి దాన్నే ఉదాహరణగా తీసుకుని చెప్తా.

ముందు ఇది ఎవరి పనో తేల్చుకోండి. రైల్వే, నేషనల్ హైవే, పోస్టాఫీసు, ఇవి కేంద్రానివి, ఎంపీ అడగాలి. పెన్షను, రేషన్ కార్డు, ఊరి రోడ్డు ఎంపీని అడిగితే ఆయన నవ్వి ఊరుకుంటాడు, అవి ఎమ్మెల్యే దగ్గరికి. గేటు మీద కట్టే ఓవర్‌బ్రిడ్జి మాత్రం ఇద్దరిదీ, ఎందుకంటే ఖర్చు చాలావరకు రైల్వే సగం రాష్ట్రం సగం పెట్టుకునే పద్ధతి, అటూ ఇటూ అప్రోచ్ రోడ్డుకి భూసేకరణ చేయాల్సింది రాష్ట్రం. ఏళ్ళ తరబడి ఆగిపోయిన బ్రిడ్జిల కథ చాలాసార్లు ఇక్కడే ఉంటుంది, రైల్వే వాళ్ళు రాష్ట్రం స్థలం ఇవ్వలేదంటారు, రాష్ట్రం వాళ్ళు రైల్వే డ్రాయింగ్ ఓకే చేయలేదంటారు.

తర్వాత లెక్కలు. గేటు నంబర్ (గేటు దగ్గరే రాసి ఉంటుంది), ఏ రెండు స్టేషన్ల మధ్య, ఏ డివిజన్, ఇవి తప్పనిసరి. విజయవాడ డివిజనా గుంతకల్లా సికింద్రాబాదా అన్నది తప్పు రాస్తే జవాబు కూడా తప్పే వస్తుంది. ఇంకా ముఖ్యమైంది టీవీయూ, అంటే 24 గంటల్లో పోయే రైళ్ళ సంఖ్యని రోడ్డు మీద పోయే బళ్ళ సంఖ్యతో గుణిస్తే వచ్చే అంకె. ఇది లక్ష దాటిందా అన్నదే ఓవర్‌బ్రిడ్జికి చాలాకాలంగా వాడుతున్న కొలబద్ద. మీ గేటు అంకె తెలియకపోతే డివిజన్ ఆఫీసుకి పది రూపాయల ఆర్టీఐ పెట్టండి, 30 రోజుల్లో చెప్పాలి. అలాగే బడ్జెట్‌తో పాటు రైల్వే వాళ్ళు పింక్ బుక్ అని పనుల లిస్టు నెట్లో పెడతారు, మీ బ్రిడ్జి అందులో ఆల్రెడీ ఉందేమో చూసుకోండి. ఉంటే "మంజూరు చేయండి" అని అడగడం టైమ్ వేస్టు, "ఎందుకు మొదలవ్వలేదు" అని అడగాలి.

ఇప్పుడు ప్రశ్న. 150 మాటలు దాటకూడదు, అందులో మీ వాదన, మీ బాధ, "దారుణంగా" లాంటి మాటలు ఏవీ ఉండకూడదు, కోర్టులో నడుస్తున్న విషయం అయితే అసలు తీసుకోరు. నోటీసు (అంటే ఎంపీ తన ప్రశ్నని రాసి సభకి ఇచ్చే కాగితం) ఇంగ్లీషులోనో హిందీలోనో వెళ్ళాలి కాబట్టి ఆ కాపీ కూడా మీరే తయారు చేసి ఇస్తే పీఏకి పని తగ్గుతుంది, పీఏకి పని తగ్గితేనే మీ కాగితం పైకి వస్తుంది, ఇది మాత్రం రాసి పెట్టుకోండి. ఇలా ఉంటే చాలు: ఫలానా గేటు టీవీయూ ఎంత, బ్రిడ్జి ఎప్పుడు మంజూరైంది, ఇప్పటివరకు ఎంత ఖర్చు పెట్టారు, రైల్వే వైపు ఏం పెండింగ్, రాష్ట్రం వైపు ఏం పెండింగ్, ఎప్పటికి పూర్తి చేస్తారు. ఆ చివరి మూడు ముక్కలే అసలైనవి, మిగతావన్నీ వాటి కోసమే.

టైమింగ్ చూసుకోండి. నోటీసు కనీసం 15 రోజుల ముందే పడాలి, ఒక్కో మంత్రిత్వ శాఖకి వారంలో ఒక రోజు ఉంటుంది, కాబట్టి సమావేశాలు మొదలయ్యాక పరిగెత్తితే ఆ సెషన్ పోయినట్టే. లోక్‌సభలో రోజుకి నోటి జవాబుకి 20, రాతపూర్వక జవాబుకి 230 ప్రశ్నలు మాత్రమే, అదీ లాటరీలో తగలాలి. అందుకే వేర్వేరు రోజులకి రెండు మూడు సార్లు వేయమనండి. అన్నట్టు, మేమే టైప్ చేసి పెడతాం సార్ అని, ప్రశ్నలు ఆన్‌లైన్లో వేసే ఎంపీ లాగిన్ మాత్రం అడక్కండి, 2023 డిసెంబర్‌లో తృణమూల్ ఎంపీ మహువా మొయిత్రా లోక్‌సభ సభ్యత్వం పోయిన గొడవలో లాగిన్ వేరేవాళ్ళకి ఇవ్వడం కూడా ఒక ఆరోపణే.

చాలామంది నాయకులకి జీరో అవర్ (సభలో ఎంపీలు అత్యవసర విషయాలు లేచి మాట్లాడే టైమ్) ఇష్టం, ఎందుకంటే వీడియో క్లిప్ వస్తుంది, వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది. కాదనను, కానీ మంత్రి అక్కడికక్కడే జవాబు చెప్పాలని రూలేం లేదు. నన్నడిగితే రాతపూర్వక జవాబే మేలు, చప్పట్లు రావు గానీ కాగితం మీద మంత్రి పేరుతో ఉంటుంది. ప్రశ్న లాటరీలో తగలకపోతే లోక్‌సభలో రూల్ 377 కింద (ప్రశ్నగా కాకుండా ఒక విషయంగా సభ దృష్టికి తెచ్చే పద్ధతి) వేయించండి, దానికి తర్వాత శాఖ నుంచి ఎంపీకి ఉత్తరం వస్తుంది, ఆ కాపీ అడిగి తీసుకోండి.

జవాబు సన్సద్ (పార్లమెంట్) వెబ్‌సైట్లో పెడతారు. "భూసేకరణ రాష్ట్రం వద్ద పెండింగ్" అని వచ్చిందనుకోండి, ప్రింట్ తీసుకుని ఎమ్మెల్యే దగ్గరికి పోండి, అసెంబ్లీలో ఆర్ అండ్ బీ మంత్రిని అదే కాగితం చూపించి అడగమనండి, అప్పుడు తప్పు అటు నెట్టడానికి కుదరదు. "పరిశీలనలో ఉంది" అని వస్తే మన వాళ్ళు నీరుగారిపోతారు గానీ అది నిజానికి మంచిదే, సభలో అలా చెప్పిన మాటని హామీ కింద లెక్కేస్తారు, మూడు నెలల్లో నెరవేర్చాలి, లేదంటే గడువు పెంచమని శాఖ వాళ్ళే ప్రభుత్వ హామీల కమిటీని అడుక్కోవాలి. కాబట్టి జవాబు తేదీ రాసి పెట్టుకుని, మూడు నెలలు దాటిన రోజున ఎంపీ ఆఫీసుకి ఫోన్ చేసి, ఆ హామీ ఏమైందో కమిటీకి ఒక ఉత్తరం రాయమనండి.