చూపు అభ్యాసంలో జ్ఞాపకం, ఊహ: ఎలా వాడుకోవాలి, ఎక్కడ ఆపాలి

హైదరాబాద్‌లోని లక్డీకాపూల్ బస్‌స్టాపులో రోజూ నిలబడే ప్రయాణికుడు, దూరం నుంచి వస్తున్న బస్సు బోర్డు మీద ‘మెహిదీపట్నం’ అన్న పేరును అక్షరాలు ఇంకా మసకగా ఉండగానే గుర్తుపట్టి ముందుకు కదులుతాడు. ఊరికి కొత్తగా వచ్చిన మనిషికి చూపు అంతే ఉన్నా, బస్సు బాగా దగ్గరికి వస్తే గాని ఆ పేరు చదవడం కుదరదు. ఆ మాట పొడవు, మొదటి అక్షరం మీది ఎత్వం, చివరి అక్షరం కింద వేలాడే నావత్తు, చివరి సున్న మొదటివాడి మనసులో ముందే ఉన్నాయి కనుక కన్ను అందించిన అరకొర ఆనవాలు అతనికి సరిపోయింది. కళ్ళద్దాలు లేకుండా చూపును మెరుగుపరచుకోవచ్చని చెప్పే పద్ధతులలో జ్ఞాపకానికి, ఊహకు ఇచ్చిన స్థానమంతా ఈ చిన్న సంగతి చుట్టూనే తిరుగుతుంది. దీనిని సరిగా వాడుకుంటే కంటికి నిజమైన మేలు ఉంది. తప్పుగా అర్థం చేసుకుంటే ప్రమాదమూ ఉంది.

ఈ అభ్యాసాలను ప్రచారంలోకి తెచ్చిన వ్యక్తి న్యూయార్క్ కంటి వైద్యుడు విలియం బేట్స్ (1860–1931). చిన్న నల్లని చుక్కను కళ్ళు మూసుకుని ఏ ప్రయాసా లేకుండా జ్ఞాపకం చేసుకోగలిగితే కంటి మీది ఒత్తిడి తొలగి, చూపు తేటపడుతుందని ఆయన 1920లో ప్రచురించిన పుస్తకంలో బోధించాడు. దగ్గరి వస్తువు మీద దృష్టి నిలపడంలో కంటిలోని లెన్సుకు పాత్ర లేదనీ, కనుగుడ్డును బయటి కండరాలు నొక్కడం వల్లనే సైటు వస్తుందనీ ఆయన వాదించాడు. ఆ వాదం తప్పు. అట్రోపిన్ చుక్కలు వేసి లెన్సును నడిపే లోపలి కండరాన్ని స్తంభింపజేస్తే, బయటి కండరాలన్నీ మామూలుగా పనిచేస్తున్నా దగ్గరి అక్షరాలు కనబడవు. సుమారు 24 మిల్లీమీటర్ల పొడవుండే కనుగుడ్డు ఒక మిల్లీమీటరు అదనంగా సాగితే మైనస్ రెండున్నర నుంచి మూడు వరకు పవర్ వస్తుంది. ఎంత గాఢంగా ఊహించినా అది తిరిగి పొట్టిది కాదు. అభ్యాసం మొదలుపెట్టే ముందే ఈ మాటను గట్టిగా మనసులో పెట్టుకోవాలి.

అలాగని మనసుకు కంటితో పనిలేదనుకోవడం కూడా పొరపాటే. వెలుతురు నిండిన దృశ్యాన్ని కేవలం ఊహించుకున్నప్పుడు కూడా కనుపాప చిన్నదవుతుందని నార్వే పరిశోధకులు 2014లో ప్రచురించిన ప్రయోగంలో చూపించారు. చత్వారం అనే మాటలోనే నలభై ఉంది. ఆ వయసు దాటి దగ్గరి అక్షరాలు అలుక్కుపోతున్నవారికి తెరమీది మసక గీతలను గుర్తుపట్టే శిక్షణ ఇస్తే, కంటి లెన్సులో ఏ మార్పూ లేకుండానే చిన్న అక్షరాలను మునుపటికన్నా బాగా చదివారని ఇజ్రాయెల్ పరిశోధకులు 2012లో తెలిపారు. పిల్లల్లో ఒక కన్ను మందగించినప్పుడు బాగున్న కంటికి పట్టీ వేసి రెండో కంటితో చూడటం నేర్పించే చికిత్స కూడా మెదడు నేర్చుకోగలదన్న నమ్మకం మీదే నడుస్తోంది. అంటే అభ్యాసం వల్ల మారేది కనుగుడ్డు ఆకారం కాదు, అందిన బొమ్మను మెదడు చదివే నేర్పు. దానితోపాటు, గంటల తరబడి బిగిసిపోయిన లోపలి కండరం వదులవడం.

మొదట, మెదడు ఎంత కల్పిస్తుందో మీ కంటితో మీరే తెలుసుకోండి. తెల్ల కాగితం మీద ఎడమవైపు చిన్న ఇంటూ గుర్తు వేసి, దానికి 8 సెంటీమీటర్ల దూరంలో కుడివైపు నల్లని చుక్క పెట్టండి. ఎడమ కన్ను మూసి, కుడి కంటితో ఇంటూ గుర్తునే చూస్తూ కాగితాన్ని మెల్లగా దగ్గరికి తెండి. సుమారు 30 సెంటీమీటర్ల వద్ద చుక్క మాయమై, దాని చోట తెల్ల కాగితమే కనిపిస్తుంది. కంటినరం బయలుదేరే ఆ చోట రెటీనాకు, అంటే కంటి వెనుక బొమ్మ పడే పొరకు, చూపు లేదు. అక్కడ కనిపించిన తెలుపు మెదడు చుట్టుపక్కల నుంచి తెచ్చి పూరించినది. ఊహ చూపులో భాగమని ఎన్ని మాటలు చెప్పినా కలగని నమ్మకం ఈ ఒక్క కాగితంతో కలుగుతుంది.

తరువాత రోజుకు రెండుసార్లు, ఐదేసి నిమిషాలు కళ్ళకు విశ్రాంతి ఇవ్వండి. మోచేతులు బల్ల మీద ఆనించి, అరచేతులను దొప్పలుగా చేసి, మూసిన కళ్ళ మీద కప్పండి. అంచులు ముఖానికి తగలాలి గాని కనుగుడ్డు మీద ఏమాత్రం ఒత్తిడి పడకూడదు; నీటికాసుల జబ్బు (గ్లాకోమా) ఉన్నవారికి, కంటి ఆపరేషన్ జరిగినవారికి ఆ ఒత్తిడి హానికరం. మొదట్లో చిక్కటి నలుపు కనబడదు. బూడిద రంగు, మెరుపు చుక్కలు కనబడతాయి. అది సహజం, వాటితో పోరాడకండి. నలుపును బలవంతంగా తెచ్చుకోవడానికి బదులు మీరు బాగా ఎరిగిన నల్లని వస్తువును తలచుకోండి: అమ్మమ్మ కాటుక భరిణె, నల్లపూసల దండలో ఒక్క పూస, పెనం అడుగు. దాని అంచును మనసుతో మెల్లగా చుట్టి రండి. నుదురు ముడిపడినా, దవడ బిగిసినా మీరు ఊహించడం మాని శ్రమిస్తున్నారని గుర్తు. అప్పుడు ఆపి, మర్నాడు మళ్ళీ ప్రయత్నించండి.

దూరదృశ్యంతో చేసే అభ్యాసానికి ఈ నగరంలో ట్యాంక్‌బండ్‌ను మించిన చోటు నాకు కనబడలేదు. పొద్దున్నే వెళ్లండి. గట్టు హుస్సేన్‌సాగర్‌కు తూర్పున ఉంది కనుక ఉదయం సూర్యుడు మీ వీపు వెనుక ఉంటాడు, 1992లో ప్రతిష్ఠించిన బుద్ధ విగ్రహం మీద ఎండ నేరుగా పడుతుంది. సాయంత్రమైతే పొద్దుగుంకే సూర్యుడికి ఎదురుగా నిలబడవలసి వస్తుంది. మీ కళ్ళద్దాలు పెట్టుకునే విగ్రహాన్ని నిదానంగా చూడండి. మొత్తాన్ని ఒక్కసారి పట్టుకోవాలని ప్రయత్నించవద్దు, ఎందుకంటే రెటీనా నడిమి చిన్న భాగంలోనే చూపు పదునుగా ఉంటుంది. తల నుంచి భుజానికి, భుజం నుంచి ఎత్తిన చేతికి చూపు జారనివ్వండి. కళ్ళు మూసుకుని అదే దారిలో మనసుతో నడవండి. ఎక్కడ బొమ్మ చెదిరిందో గమనించి, కళ్ళు తెరిచి ఆ చోటునే మళ్ళీ చూడండి. ఇలా నాలుగైదు సార్లు చేసేసరికి ఇంతకుముందు దృష్టికి రాని మడతలు, నీడలు కనబడతాయి. ఇది శ్రద్ధ వల్ల వచ్చిన లాభం, దీని విలువ తక్కువది కాదు. బేట్స్ పద్ధతి పేరుతో కొందరు నేర్పే సూర్యుణ్ణి నేరుగా చూడటాన్ని మాత్రం ఏ వేళా చేయకండి. రెటీనా కాలితే ఆ మచ్చ శాశ్వతంగా ఉండిపోవచ్చు.

మాదాపూర్, గచ్చిబౌలి వైపు కంప్యూటర్ల ముందు పనిచేసేవారు దీనినే చిన్నదిగా చేసుకోవచ్చు. ప్రతి 20 నిమిషాలకు ఒకసారి 20 అడుగులకు మించిన దూరంలో ఉన్న వస్తువును 20 సెకన్లు చూడమని వైద్యులు చెబుతారు. దుర్గం చెరువు తీగల వంతెన కిటికీలోంచి కనిపిస్తే ఒక్కొక్క తీగ వెంట చూపును పైకి తీసుకువెళ్లి, కళ్ళు మూసి దానిని తలచుకుని, మళ్ళీ తెరవండి. మామూలుగా నిమిషానికి 15 నుంచి 20 సార్లు పడే రెప్ప తెర ముందు సగానికన్నా తగ్గిపోతుంది కనుక, ఈ మూయడం, తెరవడం కంటి తడిని కూడా కాపాడుతుంది.

ఇక అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండవలసిన విషయం, ప్రగతిని కొలవడం. డచ్ వైద్యుడు స్నెల్లెన్ 1862లో రూపొందించిన అక్షరాల చార్టును గోడకు అంటించి, 6 మీటర్ల దూరం నుంచి రోజూ చదివేవారు మనలో చాలామంది ఉన్నారు. నేనూ అదే చేశాను. మూడో నెలకు కళ్ళద్దాలు లేకుండా రెండు వరుసలు కిందికి, 6/60 నుంచి 6/24 వరకు చదవగలిగాను. ఆ సంతోషంలో ఒక రాత్రి కళ్ళద్దాలు లేకుండా బండి నడిపి, స్పీడ్ బ్రేకర్ కనబడక కింద పడ్డాను. మర్నాడు వేరే చార్టుతో పరీక్షిస్తే నంబరు అదే మైనస్ రెండుంపావు. చార్టు మారేసరికి చదవగలిగిన వరుస కూడా పాతదే. రోజూ చదివిన అక్షరాలను నా మనసు కంఠస్థం చేసి, మసక బొమ్మ మీద పరిచింది. నేను అబద్ధమాడలేదు, నాకు నిజంగానే కనబడినట్లే ఉంది. అందుకే ఈ మాట ఇంత గట్టిగా చెబుతున్నాను.

కాబట్టి అభ్యాసానికి వాడిన చార్టును కొలతకు వాడకండి. నెలకొకసారి, ఇంట్లో ఒకరు మీకు తెలియని క్రమంలో ఇంగ్లీషు ‘E’ అక్షరపు అట్టను నాలుగు దిక్కులకు తిప్పి చూపిస్తే, ఒక్కొక్క కంటితో వేరుగా దిక్కు చెప్పండి. ఊరికే ఊహించినా నాలుగింట ఒకటి సరిపోతుంది కనుక, ఐదింట నాలుగైనా తప్పు లేకుండా చెప్పినప్పుడే ఆ సైజు అక్షరం వచ్చినట్లు రాసుకోండి. పిల్లలను పరీక్షించేటప్పుడు ఇది మరీ ముఖ్యం. అక్కో అన్నో చదవగా విన్న వరుసను అప్పజెప్పి, సైటు ఉన్న పిల్లవాడు లేనట్లుగా బయటపడిపోతాడు. పిల్లలకు ఊహా అభ్యాసాలకన్నా రోజూ రెండు గంటలు ఆరుబయట ఆడుకోవడం మంచిది; సైటు మొదలుకాకుండా చూడటంలో ఆరుబయటి వెలుతురు మేలు పరిశోధనల్లో నిలబడింది.

అట్టముక్కకు సన్నని సూది రంధ్రం చేసి దానిలోంచి చార్టును చూడటం మరో పరీక్ష. అక్షరం తేటపడితే అది చాలావరకు కళ్ళద్దాలతో సరిపోయే మసక. రంధ్రంలోంచి చూసినా తేటపడకపోతే శుక్లమో, రెటీనా జబ్బో ఉండవచ్చు కనుక అభ్యాసాలు పక్కనపెట్టి డాక్టరుకు చూపించుకోవాలి. హఠాత్తుగా మెరుపులు, తేలియాడే నల్లని చుక్కలు, ఒక పక్క నుంచి తెర దిగినట్లు చీకటి కనిపిస్తే ఆ రోజే వెళ్లాలి. మెహిదీపట్నం దగ్గరి సరోజినీ దేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రి గాని, బంజారాహిల్స్‌లోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి గాని, మీకు దగ్గరలోని మరేదైనా గాని, ఆలస్యం మాత్రం చేయవద్దు. నలభై దాటినవారు చూపు బాగానే ఉన్నా కంటి ఒత్తిడి కొలిపించుకోవాలి, నీటికాసులు నొప్పి లేకుండానే చూపును తినేస్తాయి.

నెలనెలా రాసుకున్న కొలతల పుస్తకాన్ని పరీక్షకు వెంట తీసుకువెళ్లి, ఇంట్లో ఏ చార్టును ఎన్నాళ్లుగా చూస్తున్నారో కుర్చీలో కూర్చోగానే చెప్పండి. అప్పుడు వారు మీ జ్ఞాపకంలో లేని అక్షరాల వరుసను ఎదుట పెడతారు.