కత్తిసాము, రెండో పాఠం: పట్టు, అడుగు

గత పాఠంలో చెప్పిన వెదురు కర్ర సిద్ధమైందా? మీటరు పొడవు ఉంటే చాలు. ఇనుప కత్తి ఈ పాఠంలోనూ లేదు. నాందేడ్‌లో హోలీ నాటి సిక్కుల హల్లా ఊరేగింపు చూసి వచ్చిన మన ధర్మాబాద్, బిలోలి, దెగ్లూరు పిల్లలు మొదట అడిగేది తళతళలాడే తల్వారే. ఆ ఆరాటం నాకు తెలుసు, నేనూ అలాగే వెళ్ళాను. కానీ మీ కర్ర పక్కవాడికి తగలకుండా ఆగడం రానంతవరకు మీ చేతికి పదును ఇవ్వడం తప్పు. పైగా 1959 ఆయుధాల చట్టం కింద కత్తి మారణాయుధమే. దాన్ని పట్టుకుని వీధిలోకి వెళ్తే కేసవుతుంది.

ముందు పట్టు. గుండ్రటి కర్రలో అంచు ఎటు ఉందో చేతికి తెలియదు. అందుకే పిడి భాగంలో పెన్సిల్ ముక్కను నిలువుగా ఆనించి, పైన పాత సైకిల్ ట్యూబు చీలికను గట్టిగా చుట్టండి. ఆ ఉబ్బు ఉన్న వైపే మీ కత్తి అంచు. పట్టుకోగానే అది వేళ్ళ మడతల్లో తగలాలి. ఇప్పుడు ఎడమచేత్తో కుడి మోచేతి కింది కండను నొక్కి చూడండి. రాయిలా ఉంటే పట్టు ఎక్కువైనట్టే. మొదటి రెండు వారాలు నేను అలా బిగించి, రాత్రి జొన్నరొట్టె తుంచడానికి కూడా వేళ్ళు రాక ఏడ్చాను. కర్ర జారకూడదు, కండ బిగియకూడదు. ఈ రెండింటి మధ్య ఉన్న పట్టును మీ చేయే వెతుక్కోవాలి.

తల్వారు పిడి చివర గుండ్రటి పళ్ళెం ఉంటుంది. మణికట్టును ఎక్కువగా వంచితే అది చేతికి ఒత్తుకుంటుంది. అందుకే తల్వారు దెబ్బ గొడ్డలి దెబ్బలా దిగదు. మోచేయి, భుజం కలిసి లాగుతూ కోస్తాయి, వంపు తిరిగిన అలుగు అందుకు సాయపడుతుంది. మరాఠీవాళ్ళ పొడవాటి కత్తి దాండ్‌పట్టాలో ముంజేయి మొత్తం ఇనుప తొడుగులో ఉంటుంది, అక్కడ మణికట్టుకు పనే లేదు. అందుకే మణికట్టు విసుర్లు ఇప్పుడే అలవాటు చేసుకోవద్దు.

ఇక అడుగు. నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. సిక్కుల కర్ర, కత్తి విద్య గత్కాలో అడుగుల వరుసను పంత్రా అంటారు, ఉస్తాదులు ముందు దాన్నే చూస్తారు. భుజాల వెడల్పున నిలబడి, కుడి పాదం ముందుకు పెట్టండి. ముందు పాదం వేళ్ళు ఎదుటివాడి వైపు, వెనక పాదం ఏటవాలుగా. మోకాళ్ళు కొద్దిగా వంచండి. ముందుకు పోవాలంటే ముందు పాదం కదిలాకే వెనకది, వెనక్కి రావాలంటే వెనక పాదం కదిలాకే ముందుది. పాదాలు ఒకదాన్నొకటి దాటకూడదు.

సరిగా వేస్తున్నారో లేదో నేలే చెబుతుంది. పాదాలు తడిపి, పొడి బండల మీద పది అడుగులు వేసి వెనక్కి చూడండి. గుర్తు చెరిగి సాగితే పాదం ఈడుస్తున్నారు. రెండు పాదాల గుర్తులూ ఒకే గీత మీద పడితే, పక్క నుంచి చిన్న తోపుకే పడిపోతారు. మడమ గుర్తు ఒక్కటే చిక్కగా ఉంటే బరువంతా వెనక్కి పోయింది. మొదటిసారి నా గుర్తులు చూసి ఉస్తాద్ గారు, “చేతులు తర్వాత బాబూ, ముందు ఇవి దిద్దుకో” అని కర్ర తీసేసుకున్నారు. తిరిగి ఇచ్చింది నెల తర్వాత.

మిర్చి ఆరబోసే కళ్ళం మంచి నేల, గట్టిగా, చదునుగా ఉంటుంది. కానీ నీళ్ళు చల్లి, బాగా ఊడ్చాకే దిగండి. కంట్లో కారం పడినవాడి కర్ర ఎటు పోతుందో చెప్పలేం.

రోజూ ఉదయం ఇరవై నిమిషాలు, కర్ర లేకుండా అడుగులే. చివరి ఐదు నిమిషాలు కర్ర పట్టుకుని నిలబడండి, ఊపవద్దు. మూడో పాఠంలో మొదటి వాటు వేద్దాం.