చలికాలానికి లాన్ సిద్ధం చేసే ముందు జాగ్రత్తలు

విజయవాడ చలికి గడ్డి చచ్చిపోదు, పెరుగుదల మందగిస్తుంది, అంతే. హడావిడి అక్కర్లేదు.

• అక్టోబరు, నవంబరు వానలు వెలిసి నేల ఆరేదాకా లాన్‌లో అడుగు పెట్టవద్దు. మన నల్లరేగడిని తడిగా తొక్కితే గట్టిపడి వేళ్లకు గాలి అందదు. పిడికెడు మట్టి నొక్కి చూడండి; జిగటగా ముద్ద కడితే ఇంకో రెండు రోజులు ఆగండి. తుఫాను కబురుంటే ఎరువు వేయవద్దు, కాలువ పాలవుతుంది.

• పశువుల ఎరువు పూర్తిగా చివికిందా? జల్లెడ పట్టారా? పచ్చి పేడతో కలుపు విత్తనాలూ వస్తాయి. ఒక ఏడాది తొందరపడి, సంక్రాంతి దాకా కలుపు పీకుతూనే ఉన్నాను.

• బ్లేడు పదును చూసుకోండి. ఎత్తులో మూడో వంతుకు మించి కోయవద్దు.

• నీళ్లు ఉదయమే పెట్టండి. రాత్రంతా తడిగా ఉంటే తెగుళ్లు.

• వేపపిండి చల్లేటప్పుడు ముక్కుకు గుడ్డ.