చిన్న మిల్లింగ్ యంత్రం తలకు మోటారు లిఫ్టు: రూపకల్పన

తిరిగే కట్టరుతో లోహాన్ని చెక్కే, బల్లపై అమర్చే చిన్న మిల్లింగ్ యంత్రం తలను చేతి చక్రానికి బదులు మోటారుతో ఎత్తదలచినవారు సాధారణంగా మోటారు కొనడంతో పని మొదలుపెడతారు. ముందుగా తేల్చుకోవలసినది, సగం ఎత్తులో కరెంటు పోతే ఆ బరువును ఏది ఆపుతుందన్న విషయం. దాని జవాబు మోటారులో కంటే తలను ఎత్తి దించే స్క్రూలోనే ఎక్కువగా ఉంటుంది.

20 మి.మీ. వ్యాసం, 4 మి.మీ. పిచ్ (పక్కపక్క మరల మధ్య దూరం) గల సింగిల్ స్టార్ట్ (ఒకే మర చుట్టిన) ట్రపెజాయిడల్ (మర కోత సమలంబ ఆకారంలో ఉండే) స్క్రూలో మర వాలు దాదాపు 4 డిగ్రీలే కనుక, గన్‌మెటల్ (ఒక రకం కంచు) నట్టుతో వచ్చే రాపిడి తలను జారనివ్వదు. త్రీడీ ప్రింటర్లలో వాడే 8 మి.మీ. స్క్రూ ఒక చుట్టుకు 8 మి.మీ. కదులుతుంది, దాని వాలు ఎక్కువ కావడంతో బరువు తనంతట తానే కిందికి దిగిపోగలదు. మరల మధ్య ఉక్కు గోళీలు దొర్లే బాల్ స్క్రూ అయితే బ్రేకు లేకుండా అసలు వాడకూడదు.

లెక్క కష్టమైనదేమీ కాదు. 40 కిలోల తల బరువు సుమారు 392 న్యూటన్లు. దానికి స్లైడు రాపిడి, గిబ్ (స్లైడు వదులు తీసే పట్టీ) బిగువు కూడా కలిపి మొత్తం 600 న్యూటన్లుగా తీసుకుందాం. రాపిడి గుణకం 0.15 అనుకుంటే, పైన చెప్పిన స్క్రూను తిప్పడానికి సుమారు 1.2 న్యూటన్-మీటర్ల టార్కు (తిప్పే బలం) కావాలి. సెకనుకు 5 మి.మీ. వేగానికి స్క్రూ నిమిషానికి 75 చుట్లు తిరగాలి, అందుకు పట్టే శక్తి 10 వాట్లే. అయినా జిడ్డు ఎండిన రోజును దృష్టిలో పెట్టుకుని, ఆ వేగంలో 2.5 న్యూటన్-మీటర్లు ఇవ్వగల గేరు మోటారును ఎంచుకోవడం మంచిది.

విశాఖలో ఆటోనగర్ వైపు వెళ్లేవారికి పాత కారు వైపర్ మోటారు వాడాలన్న ఆలోచన రావడం సహజం, అది చెడ్డ ఆలోచన కూడా కాదు. వర్మ్ గేరు ఉన్న ఈ 12 వోల్టుల మోటారు సాధారణంగా నిమిషానికి 40 నుంచి 60 చుట్లు తిరుగుతుంది కాబట్టి లిఫ్టు కొంత నెమ్మదిగా కదులుతుంది, అంతే. అయితే చాలా వైపర్ మోటార్లలో బాడీయే నెగటివ్ తీగగా పనిచేస్తుంది. దిశ మార్చడానికి తీగలు తారుమారు చేసేటప్పుడు షార్ట్ కాకుండా మోటారును యంత్రం ఇనుము నుంచి వేరుచేసి బిగించాలి. దాని బలం మనకు కావలసినదానికంటే చాలా ఎక్కువ కనుక, తగిన ఫ్యూజు, అడ్డంకి తగిలితే జారే కప్లింగు తప్పనిసరి.

స్క్రూను పైనున్న థ్రస్ట్ బేరింగు (స్క్రూ నిలువునా పడే బరువును మోసేది) నుంచి వేలాడదీయాలి. బరువు దాన్ని కిందికి లాగుతుంది కాబట్టి వంగే ప్రమాదం ఉండదు. స్క్రూ గైడ్ల మధ్యలోనే, వాటికి వీలైనంత దగ్గరగా ఉండాలి, లేకపోతే తల ఒరిగి స్లైడు పట్టేస్తుంది. నట్టు కింద ఒక మి.మీ. సందుతో రెండో నట్టు పెడితే, మొదటిది అరిగేకొద్దీ ఆ సందు తగ్గుతూ కంటికి కనిపిస్తుంది, మొదటి నట్టు మరలు పూర్తిగా పోయినా తల పడిపోదు.

మోటారు భారం తగ్గించడానికి ఎదురు తూకం వేలాడదీయవచ్చు, కానీ 40 కిలోలకు 30 మించకూడదు. కొంత బరువు నట్టు మీద మిగిలితేనే మరల మధ్య వదులు ఒకవైపే ఉంటుంది. పూర్తిగా తూకం కుదిరిన తల డ్రిల్లింగు ఒత్తిడికి పైకి లేచి, బిట్టు అవతలికి దిగే క్షణంలో ఒక్కసారిగా కిందికి పడుతుంది. ఏది ఏమైనా, కోత మొదలుపెట్టే ముందు స్లైడును క్లాంపుతో బిగించాలి, ఎందుకంటే కంపనం ఉన్నప్పుడు స్క్రూ రాపిడిని ఒక్కదాన్నే నమ్మలేము.

పైన, కింద లిమిట్ స్విచ్‌లను (తల చివరికి చేరగానే మోటారును ఆపేవి) తీగ తెగినా మోటారు ఆగేలా ఎన్‌సీ (మామూలుగా మూసి ఉండి, నొక్కితే తెరుచుకునే) కాంటాక్టులతో కలపాలి. స్విచ్ తెరుచుకున్న తరువాత వెనక్కి రావడానికి వీలుగా ప్రతిదానికీ సమాంతరంగా, కరెంటును ఒకవైపే పోనిచ్చే డయోడు ఒకటి వేయాలి. వాటి అవతల ఇనుప స్టాపర్లు కూడా ఉండాలి.

విశాఖ ఉప్పుగాలికి కాంటాక్టులు తొందరగా పచ్చబడతాయి, కాబట్టి గాలి చొరబడకుండా మూసి ఉన్న స్విచ్‌లనే కొనాలి. తుప్పు పట్టదని స్టెయిన్‌లెస్ స్క్రూకు స్టెయిన్‌లెస్ నట్టే తొడిగితే రెండూ ఒకదానికొకటి పట్టుకుపోతాయి. మామూలు ఉక్కు స్క్రూ, గన్‌మెటల్ నట్టు, లిథియం గ్రీజు, ఇనుప రజను పడకుండా మడతల తొడుగు ఉంటే సరిపోతుంది.