గుంట-బిళ్ల ఆట పోటీ పెట్టడం ఎలా? నేల సిద్ధం చేయడం నుంచి ఫైనల్ దాకా

వరి నూర్పులు అయిపోయి కళ్లాలు ఖాళీ అయ్యేదీ, పిల్లలకు సంక్రాంతి సెలవులు వచ్చేదీ దాదాపు ఒకేసారి. గీత దగ్గర నిలబడి గుంటలోకి బిళ్లలు విసిరే ఆటకు ఇంతకంటే మంచి అదను లేదు. నలుగురు కలిసి సరదాగా ఆడుకున్నంత సేపు నియమాలు నోటిమాటగా సాగిపోతాయి. పక్క ఊళ్ల వాళ్లను పిలిచి పోటీ పెట్టినప్పుడే చిక్కు. ఎవరి ఊరి పద్ధతి వాళ్లది. ఒకచోట గుంటలో పడిందే లెక్క. మరోచోట మిగిలినవాటిలో చూపించిన బిళ్లను కొడితేనే ఆట గెలిచినట్టు. గుంట ఎంత వెడల్పు ఉండాలో, గీత ఎంత దూరంలో ఉండాలో ఎక్కడా ఒక లెక్క ఉండదు. అందుకే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నేలలను, పండగ రోజుల ఎండను దృష్టిలో పెట్టుకుని, పోటీకి పనికొచ్చే ఒక పద్ధతిని కొలతలతో సహా ఇక్కడ ఇస్తున్నాం. అంకెలు మార్చుకుంటే ఇబ్బంది లేదు. కానీ ఒకసారి అనుకున్నవి పోటీ అయ్యేదాకా మార్చకూడదు.

ముందు నేల

ఈ ఆటలో వచ్చే తగువుల్లో సగం నేల వల్లే వస్తాయి. గట్టి నేల మీద పడ్డ బిళ్ల ఎగురుతుంది, మెత్తటి ఇసుకలో పడ్డది అక్కడే కూరుకుపోతుంది. రెండు చోట్లా విసిరినవాడి నేర్పు తేలదు.

అన్నింటికన్నా మంచిది పేడతో అలికిన కళ్లం. పైపొర కాస్త మెత్తగా, అడుగు గట్టిగా ఉంటుంది కాబట్టి బిళ్ల పడగానే ఒకటి రెండు బెత్తలు జారి ఆగుతుంది. ఇంగ్లాండులోని ససెక్స్ ప్రాంతంలో ‘టోడ్ ఇన్ ద హోల్’ అని ఇలాంటి ఆటే ఉంది. రంధ్రం చేసిన బల్ల మీదికి ఇత్తడి బిళ్లలు విసురుతారు. రంధ్రంలో పడితే 2 పాయింట్లు, బల్ల మీద నిలిస్తే 1. ఆ బల్ల పైన పరిచేది సీసపు రేకు. సీసం మెత్తటి లోహం, బిళ్లను ఎగరనివ్వదు. మన కళ్లంలో పేడ అలుకు చేసే పని కూడా అదే.

ఆటస్థలం 5 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు చాలు. పోటీకి మూడు రోజుల ముందే గడ్డి, రాళ్లు ఏరేసి పారతో చెక్కండి. సాయంత్రం నీళ్లు చల్లి రాత్రంతా నాననివ్వండి. తెల్లారాక దిమ్మిసతో కొట్టండి. పల్లం ఉన్నచోట జల్లించిన మట్టి వేసి మళ్లీ కొట్టండి. తర్వాత పేడతో పల్చగా అలికి, అది పూర్తిగా ఆరాక రెండోసారి అలకండి. ఒకేసారి మందంగా అలికితే ఎండలో పెచ్చులు లేస్తుంది, ఆ పెచ్చు తగిలి బిళ్ల పక్కకు పోతుంది.

నేల సమంగా ఉందో లేదో చూడడానికి పరికరం అక్కర్లేదు. గుంట చుట్టూ నాలుగు చోట్ల గోలీ పెట్టి వదలండి. దానంతటదే దొర్లిందంటే అటువైపు వాలు ఉన్నట్టే.

విజయనగరం చుట్టుపక్కల ఎర్ర నేలలకు ఇంతకు మించి పని ఉండదు. వంశధార, నాగావళి ఆయకట్టులో బంకమన్ను ఎక్కువగా ఉన్నచోట అలికిన మర్నాటికే సన్న బీటలు రావచ్చు. మట్టిలో మూడో వంతు ఇసుక కలిపి కొడితే తగ్గుతాయి. ఉద్దానం వైపు, అంటే కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు ఇసుక నేలల్లో మాత్రం గుంట చుట్టూ రెండు మీటర్ల చదరం వరకు బయటి నుంచి ఎర్రమట్టి తెచ్చి, కొట్టాక 5 సెంటీమీటర్ల మందం మిగిలేలా పరవాలి. పదిహేను నుంచి ఇరవై తట్టల మట్టి పడుతుంది. సిమెంటు గచ్చు తప్ప వేరే చోటు దొరకకపోతే పోటీ అక్కడ పెట్టొద్దు. గచ్చు మీద ఈ ఆట అదృష్టం ఆటగా మారిపోతుంది.

గుంట, గీతలు

మట్టిలో చేత్తో తవ్విన గుంట పది ఆటలకే అంచు విరిగి వెడల్పవుతుంది. పొద్దున ఆడినవాళ్లకు చిన్న గుంట, మధ్యాహ్నం ఆడినవాళ్లకు పెద్ద గుంట అయితే అది న్యాయం కాదు. దానికి తేలికైన ఉపాయం నాలుగంగుళాల పీవీసీ పైపు ముక్క. 7 సెంటీమీటర్ల పొడవున కోసి, అంచును ఉప్పుకాగితంతో రుద్ది, నేలలో నిలువుగా దించండి. పైపు పైఅంచు నేలకు రెండు మూడు మిల్లీమీటర్లు కిందే ఉండాలి. పైకి ఉంటే జారుతూ వచ్చిన బిళ్ల దానికి కొట్టుకుని ఆగిపోతుంది. గుంట అడుగున ఒక సెంటీమీటరు తడి ఇసుక వేయండి. అది లేకపోతే లోపల పడ్డ బిళ్ల టంగున ఎగిరి బయటికి వచ్చేస్తుంది.

గుంట మధ్య నుంచి 25 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో ముగ్గుపిండితో వృత్తం గీయండి. మేకు, పురికొస ఉంటే చాలు. గుంట మధ్య నుంచి 3 మీటర్ల దూరంలో విసిరే గీత. పన్నెండేళ్ల లోపు పిల్లలకు అది 2.25 మీటర్లు. గుంటకు మీటరు ఇవతల అడ్డగీత. దాన్ని దాటని బిళ్ల చచ్చినట్టే. అడ్డగీత లేకపోతే కొందరు బిళ్లను కావాలనే కాళ్ల దగ్గర పడేసి, తర్వాత దాన్ని సులువుగా కొట్టేస్తారు.

విసిరే గీత దక్షిణాన, గుంట ఉత్తరాన ఉండేలా చూసుకోండి. జనవరిలో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు. ఆటగాడు ఉత్తరానికి తిరిగి నిలబడితే కళ్లలో ఎండ పడదు.

బిళ్లలు

నాణేలతో ఆడొచ్చు గానీ పోటీకి అవి పనికిరావు. ఇప్పటి ఐదు రూపాయల ఇత్తడి రంగు నాణెం 6 గ్రాములు. పాత తెల్ల ఐదు రూపాయల నాణెం వెడల్పులో అంతే ఉన్నా 9 గ్రాములు తూగుతుంది. పది రూపాయలది ఇంకా వెడల్పు, ఇరవై రూపాయలది పన్నెండు పలకలది. ఎవరి జేబులోంచి ఏది వస్తే దానితో విసిరితే ఇద్దరి ఆటను పోల్చలేం. ఇంట్లో సాధనకైతే పాత తెల్ల ఐదు రూపాయల నాణేలు చాలా బాగుంటాయి. మందంగా ఉంటాయి, గాలికి తొణకవు. నాణేలను అరగదీయడం, చిల్లు పెట్టడం మాత్రం చేయొద్దు. నాణేలను పాడుచేయడాన్ని 2011 నాటి నాణేల చట్టం నిషేధించింది.

పోటీకి ఇత్తడి బిళ్లలు చేయించుకోవడమే సరైన దారి. 30 మిల్లీమీటర్ల వ్యాసం, 3 మిల్లీమీటర్ల మందం అయితే ఒక్కోటి సుమారు 18 గ్రాములు వస్తుంది. లేతు మిషను ఉన్న ఏ వర్క్‌షాపులోనైనా ఇత్తడి కడ్డీని ముక్కలుగా కోసి ఇస్తారు. సారవకోట మండలంలోని బుడితి కంచు, ఇత్తడి పనికి పేరుపడ్డ ఊరు. అక్కడి పనివాళ్లను అడిగితే అంచు నునుపుగా, తూకం సరిగా వస్తుంది. ఒక సెట్టుకు 5 బిళ్లలు. ఒక్కో గుంటకు ఒక సెట్టు, అదనంగా రెండు బిళ్లలు ఉంచండి. కంసాలి తక్కెడ మీద అన్నీ తూచి, గ్రాముకు మించి తేడా ఉన్నవాటిని తీసేయండి. ఆడేవాళ్లు ఎవరి బిళ్లలు వాళ్లు తెచ్చుకోవడం వద్దు. గుంటకు కేటాయించిన వాటితోనే ఇద్దరూ ఆడాలి.

కొట్టడానికి వేరే బిళ్ల కావాలి. ఊళ్లో ఆడేటప్పుడు పెంకు, పలకరాయి వాడతాం. పోటీలో రాయి వద్దు. పగిలిన ముక్క కంట్లో పడితే ప్రమాదం. 6 సెంటీమీటర్ల వ్యాసం, 5 మిల్లీమీటర్ల మందం ఉన్న ఇనుప బిళ్ల చేయించండి. దాదాపు 110 గ్రాములు ఉంటుంది. అంచును ఆకురాయితో గుండ్రం చేయించాలి.

ఆట నియమాలు

1. బొమ్మా బొరుసా వేసి గెలిచినవాళ్లు ముందు ఆడాలా, వెనక ఆడాలా అన్నది ఎంచుకుంటారు.

2. ఒక వంతులో ఆటగాడు 5 బిళ్లలను ఒకదాని తర్వాత ఒకటిగా విసరాలి. ఐదూ కలిపి ఒక నిమిషంలో అయిపోవాలి. విసిరేటప్పుడు పాదం గీతను తొక్కితే ఆ బిళ్ల తీసేస్తారు, దానికి మళ్లీ అవకాశం లేదు. చెయ్యి గీత దాటి ముందుకు రావచ్చు.

3. గుంటలో పడ్డ బిళ్లకు 3 పాయింట్లు. వృత్తంలో నిలిచినదానికి, గీతను తాకినా సరే, 1. వృత్తం బయట పడి అడ్డగీత దాటినదానికి పాయింటు లేదు గానీ అది ఆటలోనే ఉంటుంది. ఆటస్థలం దాటి బయటికి పోయిన బిళ్ల చచ్చినట్టే.

4. తన బిళ్ల వెళ్లి ముందున్న బిళ్లను గుంటలోకి నెడితే అదీ లెక్కే. పాయింట్లు ఐదో బిళ్ల ఆగాకే లెక్కపెడతారు.

5. పాయింట్లు రాసుకున్నాక కొట్టుడు. గుంట బయట ఆటలో ఉన్న బిళ్లల్లో ఒకదాన్ని ఎదుటివాళ్లు చూపిస్తారు. ఆటగాడు అదే గీత దగ్గర నుంచి ఇనుప బిళ్లతో దాన్ని కొట్టాలి. ముందుగా దానికే తగిలితే 2 పాయింట్లు. వేరేదానికి ముందు తగిలితే 1 తగ్గుతుంది. దేనికీ తగలకపోతే ఏమీ లేదు. నేలను తాకి, జారుతూ వెళ్లి తగిలినా చెల్లుతుంది.

6. ఒకదానికొకటి ఆనుకుని ఉన్న బిళ్లలను చూపించకూడదు. అవి తప్ప వేరే లేకపోతే, వాటిలో దేన్ని కొట్టినా కొట్టినట్టే.

7. ఐదూ గుంటలోనే పడితే కొట్టుడు లేకుండానే ఆ 2 పాయింట్లు ఇస్తారు. అంటే ఒక వంతులో రాగల గరిష్ఠం 17. గుంటలో పడనివన్నీ చచ్చిన బిళ్లలే అయితే కొట్టుడు ఉండదు.

8. ముందుగా 31 చేరినవాళ్లు గెలిచినట్టు. ముందు ఆడినవాళ్లు చేరితే రెండోవాళ్లకు ఆఖరి వంతు ఇవ్వాలి. ఫైనల్ 51కి. సమానమైతే చెరొక వంతు. అప్పటికీ తేలకపోతే చెరొక బిళ్ల, గుంటకు దగ్గరగా పడినది గెలుస్తుంది.

చదవడానికి ఐదో నియమం చిన్నదే గానీ ఆటలోని తెలివంతా దానిలోనే ఉంది. ఎదుటివాళ్లు ఎప్పుడూ రెండు బిళ్లల వెనక దాక్కున్నదాన్నే చూపిస్తారు. అందుకే మంచి ఆటగాడు గుంటలో పడని బిళ్లలు కూడా దూరదూరంగా పడేలా విసురుతాడు. తప్పు బిళ్లకు తగిలితే పాయింటు పోయే నియమం ఎత్తేయమని కొందరు అడుగుతారు. ఎత్తేయకండి. అది లేకపోతే అందరూ గుంపు మీదకి గుడ్డిగా విసిరేస్తారు.

అంచు మీద బిళ్ల

ఎక్కువ గొడవ ఇక్కడే. బిళ్ల సగం గుంటలోకి ఒరిగి, సగం అంచుకు ఆనుకుని నిలబడుతుంది. దీన్ని కంటితో తేల్చొద్దు. స్కూలు పిల్లల స్కేలు ఒకటి తీసుకుని గుంట నోటి మీద అడ్డంగా, నేలకు ఆనించి మెల్లగా జరపండి. స్కేలు బిళ్లకు తగలకుండా దాటిపోతే అది గుంటలో ఉన్నట్టు. తగిలితే లేనట్టు, దానికి వృత్తం పాయింటు 1 మాత్రమే. ఈ పరీక్ష కూడా ఐదో బిళ్ల విసిరాకే చేయాలి. మధ్యలో ఎవరూ గుంట దగ్గరికి వెళ్లకూడదు. వెళ్లి తాకితే ఆ బిళ్ల పాయింటు ఎదుటివాళ్లకు పోతుంది.

అంపైర్లు ఇద్దరు కావాలి. గీత దగ్గర ఒకరు పాదాలు చూడాలి, గుంట పక్కన ఒకరు కొట్టుడు చూడాలి. పాయింట్లు రాసేవాళ్లు మూడో మనిషి. గుంట దగ్గరి అంపైరు మాటే చివరిది.

విసరడంలో జరిగే తప్పులు

కొత్తవాళ్లు బిళ్లను నేరుగా గుంట మీదకే గురిపెడతారు. గుంట వెడల్పు పది సెంటీమీటర్లే కాబట్టి చాలాసార్లు అవతలి అంచుకు తగిలి ఎగిరిపోతుంది. గుంటకు బెత్తెడు ఇవతల పడి జారేలా విసరాలి. చూపుడువేలు బిళ్ల అంచు చుట్టూ, మధ్యవేలు కింద, బొటనవేలు పైన ఉంచి, మోకాళ్లు కొద్దిగా వంచి, చెయ్యి కింద నుంచి ఊపి మోకాలి ఎత్తులో వదలండి. వదిలేటప్పుడు చూపుడువేలితో చిన్న మెలిక ఇస్తే బిళ్ల గిర్రున తిరుగుతూ బల్లపరుపుగా దిగుతుంది. తిరగని బిళ్ల గాల్లో ఒరిగి, అంచు మీద పడి చక్రంలా దొర్లిపోతుంది. మరీ ఎత్తుగా విసిరితే నేలలో గుచ్చుకుంటుంది, మరీ కిందుగా విసిరితే గుంట మీదుగా దాటిపోతుంది.

పొద్దున మంచుకు నేల తడిగా ఉండి బిళ్ల జారదు. తొమ్మిది దాటి నేల ఆరాకే మొదలుపెట్టండి. ప్రతి వంతుకూ ముందు బిళ్లలు గుడ్డతో తుడవాలి.

జాబితా, సమయం, బహుమతులు

31 పాయింట్ల ఆటకు ఇరవై నిమిషాలు లెక్కేసుకోండి. 32 మంది ఉంటే నాకౌట్‌లో 31 ఆటలు. రెండు గుంటల మీద ఆడించినా ఐదు గంటలకు పైనే. జనవరిలో సాయంత్రం ఐదున్నర దాటితే వెలుతురు చాలదు, ట్యూబులైటు వెలుగులో అంచు మీది బిళ్ల తేలదు. అంతకంటే ఎక్కువ పేర్లొస్తే కనుమ నాడు సగం, ముక్కనుమ నాడు సగం పెట్టండి. పేర్లు 32 కంటే తక్కువైతే, ఉదాహరణకు 22 వస్తే, పది మందికి చీటీ తీసి మొదటి రౌండు బై ఇవ్వండి. మిగిలిన పన్నెండు మంది ఆరు ఆటలు ఆడితే రెండో రౌండుకు సరిగ్గా 16 మంది వస్తారు.

డబ్బు పందెం వద్దు. ఆడేవాళ్ల మధ్యగానీ చూసేవాళ్ల మధ్యగానీ పందెం మొదలైతే అది 1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టంతో చిక్కు తెచ్చిపెడుతుంది. పండగ రోజుల్లో పోలీసుల కన్ను ఎలాగూ పందేల మీదే ఉంటుంది. అంతకంటే ముఖ్యం, పందెం ఉన్నచోటికి తల్లిదండ్రులు పిల్లలను పంపరు. ప్రవేశ రుసుమును బహుమతిగా పంచొద్దు. బిళ్లలకు, మట్టికి అయిన ఖర్చు ఊళ్లో చందా వేసుకోండి. బహుమతిగా స్టీలు బిందె, ఇత్తడి చెంబు లాంటివి ఎవరైనా దాతను అడిగితే ఇస్తారు.

చూసేవాళ్లను ఆటస్థలానికి రెండు పక్కలా రెండు మీటర్ల దూరంలో తాడు కట్టి ఆపండి. గుంట వెనక ఎవరూ నిలబడకూడదు. ఇనుప బిళ్ల జారి వచ్చి చీలమండకు తగిలితే గట్టి దెబ్బే. పోటీ అయిన సాయంత్రమే పైపు ముక్క పీకి, గుంట పూడ్చి దిమ్మిసతో కొట్టేయండి. అలా వదిలేస్తే కళ్లంలోకి వచ్చిన పశువు కాలు అందులో దిగబడుతుంది.