పికప్‌లో ఏసీ చల్లబడట్లేదా? గ్యాస్ కొట్టించే ముందు ఇది చదవండి

తిరిగిన కొద్దీ ఖర్చవడానికి ఏసీ గ్యాస్ డీజిల్ కాదు. మూసిన గొట్టాల్లో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. రబ్బరు గొట్టాల్లోంచి ఏళ్ల తరబడి కాస్త కాస్త పోవడం మామూలే. మొన్నటిదాకా వణికించిన ఏసీ ఇవాళ వేడిగాలి కొడుతుంటే మాత్రం అది ఆ లెక్కలోకి రాదు, ఎక్కడో లీకుంది. లేదా తప్పు గ్యాస్‌ది కాదు, ఇంకేదో. "గ్యాస్ అయిపోయినట్టుంది, కొట్టించేద్దాం" అనే మాట వినీ వినీ విసిగిపోయి ఇది రాస్తున్నాను.

కావలసినవి: ఒత్తిడి చూపే రెండు వాల్వుల గేజి సెట్టు, లోపలి గాలి లాగేసే వాక్యూమ్ పంపు, గ్రాములు చూపే తూకం, సబ్బునీళ్లు, కొత్త ఓ-రింగులు (జాయింట్లలో ఉండే రబ్బరు రింగులు), కళ్లద్దాలు, చేతితొడుగులు. డిజిటల్ గేజీలు వద్దు, ముల్లున్నవే కొనండి. కళ్లద్దాల విషయంలో బేరాల్లేవు. ఆర్-134ఏ అనే ఏసీ గ్యాస్ బయటికొస్తే మైనస్ 26 డిగ్రీలకే మరుగుతుంది, కంట్లో పడితే కన్ను పోతుంది.

ముందు తేలిక పనులు. గాలే రాకపోతే ఫ్యూజు, బ్లోయర్ మోటారు చూడండి. గాలి వస్తున్నా మందంగా ఉంటే క్యాబిన్ ఫిల్టర్ తీసి దులపండి. ఒక పక్క చల్లగా, ఇంకో పక్క వేడిగా వస్తుంటే ముందు డాష్‌బోర్డు లోపల గాలి మళ్లించే తలుపును అనుమానించండి. బండి పరుగెడుతుంటే చల్లగా ఉండి, ఆగి ఉన్నప్పుడు వేడెక్కుతోందా? గ్యాస్ వేడిని బయటికి వదిలే జాలీ, అదే కండెన్సర్, దాని ముందు కూర్చోండి. పికప్‌లు తిరిగేదే మట్టిలో. కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య పొట్టు, పురుగులు, బురద కలిసి దుప్పటిలా పట్టేసి ఉంటాయి. ఇంజిన్ వైపు నుంచి బయటికి నీళ్లు కొట్టి కడగండి. జోరు తక్కువ ఉండాలి, లేకపోతే రేకులు మడత పడతాయి. అయినా బాగుపడకపోతే ఫ్యాన్ క్లచ్ చూడండి. ఇంజిన్‌తో తిరిగే ఫ్యాన్ ఉన్న బండ్లలో క్లచ్ జారితే గ్యాస్ నిండుగా ఉన్నా ఆగినప్పుడు చల్లబడదు.

ఇక గ్యాస్‌ని నొక్కి తిప్పే కంప్రెసర్. ఏసీ బటన్ నొక్కగానే 'టక్'మని క్లచ్ పట్టుకుని, ముందున్న పళ్లెం తిరగాలి. తిరగకపోతే ఫ్యూజు, రిలే, ప్రెజర్ స్విచ్, ఈ వరసలో చూడండి. ఆ స్విచ్‌కి వైరు ముక్క పెట్టి కంప్రెసర్‌ని బలవంతంగా తిప్పే ఘనులున్నారు. గ్యాస్ బాగా తగ్గినప్పుడు కంప్రెసర్‌ని ఆపడానికే ఆ స్విచ్ ఉంది. కంప్రెసర్‌కి ఆయిల్ అందేది గ్యాస్‌తో పాటే కాబట్టి, గ్యాస్ లేకుండా తిప్పితే అది పట్టేస్తుంది. పోయింది చిన్న రబ్బరు రింగు, మార్చాల్సింది కంప్రెసర్ అవుతుంది.

ఇంజిన్ ఆపి, చల్లారాక గేజి తగిలించండి. బయట 30 డిగ్రీలుంటే ముల్లు సుమారు 95 పీఎస్‌ఐ దగ్గర నిలవాలి. అంతకన్నా బాగా తక్కువ ఉంటే గ్యాస్ పోయినట్టే. సరిగ్గా అక్కడే ఉంటే మాత్రం లోపల కొంతైనా ద్రవం ఉందని మాత్రమే అర్థం. ఎంత ఉందో ఆ ముల్లు చెప్పదు. ఈ ఒక్క ముక్క తెలియక చాలామంది నిండుగా ఉన్నదాంట్లో ఇంకా నింపుతారు.

లీకు వెతకడానికి ముందు కళ్లే చాలు. గ్యాస్‌తో పాటు ఆయిల్ కూడా చెమరుస్తుంది, దాని మీద దుమ్ము అంటుకుంటుంది. జాయింటు దగ్గర అరచేతి వెడల్పున జిడ్డుగా, నల్లగా మట్టి కనిపిస్తే అక్కడ సబ్బునీళ్లు వేసి చూడండి. ఒక పికప్‌కి ఒకే వేసవిలో మూడుసార్లు గ్యాస్ కొట్టారు. నా దగ్గరికొచ్చాక చూస్తే, కండెన్సర్ గొట్టం ఛాసిస్ క్లాంపుకి రాసుకుని రాసుకుని గుండుసూది మొనంత చిల్లు పడింది. తడిగుడ్డతో తుడిస్తే కనబడింది. మూడుసార్లు బానెట్ ఎత్తినవాళ్లలో ఒక్కరూ తుడవలేదు.

లీకు ఆపే మందు కలిపిన డబ్బాలు వద్దు. అది లోపల గట్టిపడి, బండినే కాదు, తర్వాత గ్యాస్ తీసే వర్క్‌షాపు మిషన్‌నీ పాడు చేస్తుంది. ఇంకా లోపల గ్యాస్ ఉంటే గాలిలోకి వదలకండి. చాలా దేశాల్లో అది నేరం. ఆర్-134ఏ భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ కన్నా సుమారు 1,400 రెట్లు ఎక్కువ. గ్యాస్‌ని బయటికి పోనీకుండా లాగి పట్టే రికవరీ మిషన్ ఉన్నచోట తీయించాకే గొట్టాలు విప్పండి. ఓ-రింగుకి ఏసీ ఆయిల్ పూసి ఎక్కించండి, గ్రీజు కాదు. విప్పారంటే తేమ పీల్చే డ్రయ్యర్ కూడా మార్చాల్సిందే. విప్పిన చోట లోహపు పొడి మెరిస్తే మాత్రం అక్కడితో ఆపి వర్క్‌షాపుకి ఇచ్చేయండి, కంప్రెసర్ లోపల అరిగిపోయింది.

ఇక పాడుచేసేది ఇక్కడే: వాక్యూమ్ తీయడం, గ్యాస్ ఎక్కించడం.

గొట్టాలు విప్పాక లోపలికి గాలి, దాంతో తేమ వెళ్తాయి. ఆ తేమ, గ్యాస్ చల్లబడే చోటైన ఎక్స్‌పాన్షన్ వాల్వు సన్నటి రంధ్రంలో గడ్డకడుతుంది. అరగంట చల్లగా వచ్చి ఆగిపోవడం, కాసేపాగితే మళ్లీ రావడం దాని లక్షణం. అంతేనా, ఆయిల్‌తోనూ గ్యాస్‌తోనూ కలిసి ఆమ్లమై లోపల తినేస్తుంది. పంపుతో గేజిని 29 అంగుళాల (పాదరసం లెక్క) వాక్యూమ్‌కి తెస్తే నీళ్లు 25 డిగ్రీలకే మరిగి, ఆవిరై బయటికి పోతాయి. అయితే ముల్లు అక్కడికి చేరింది కదా అని అయిదు నిమిషాల్లో పంపు ఆపేస్తారు. మరగడానికి సమయం పట్టదా? కనీసం 45 నిమిషాలు నడవనివ్వండి. చలిరోజైతే గంటన్నర. ఎత్తు ప్రదేశాల్లో ప్రతి వెయ్యి అడుగులకీ సుమారు ఒక అంగుళం తక్కువే చూపిస్తుంది, పంపు చెడిందని కంగారు పడకండి.

తర్వాత వాల్వులు మూసి, పంపు ఆపి, అరగంట ముల్లు వంక చూస్తూ కూర్చోండి. కాస్త లేచి ఆగిపోతే లోపల ఇంకా తేమ ఉంది, మళ్లీ పంపు పెట్టండి. ఆగకుండా లేస్తూనే ఉంటే లీకు. కదలకపోయినా పూర్తిగా నమ్మడానికి లేదు. వాక్యూమ్‌లో బయటి గాలి ఓ-రింగుల్ని లోపలికి నొక్కుతుంది, నడిచేటప్పుడు గ్యాస్ బయటికి తోస్తుంది. అందుకే నేను వాక్యూమ్‌కి ముందే రెగ్యులేటర్ పెట్టి పొడి నైట్రోజన్‌ని 150 పీఎస్‌ఐకి ఎక్కించి సబ్బునీళ్లతో చూస్తాను. ఆక్సిజన్ మాత్రం ఎప్పుడూ వాడకండి, ఆయిల్ తగిలితే పేలుతుంది.

గ్యాస్ ఎక్కించేటప్పుడు నమ్మాల్సింది తూకాన్ని. బానెట్ కింద స్టిక్కర్ మీద గ్యాస్ రకం, బరువు రాసి ఉంటాయి. ఆర్-134ఏ బండిలో ఆర్-1234వైఎఫ్ అనే ఇంకో రకం గ్యాస్ వేయకూడదు, అటుది ఇటు వేసినా అంతే. డబ్బాకి చిన్న గేజి తగిలించి 'ముల్లు పచ్చరంగులోకొస్తే చాలు' అని అమ్మే సరుకు నాకు ఒళ్లుమంట. ఎండ, ఇంజిన్ వేగం, ఫ్యాన్ జోరు, ఏది మారినా ఆ ముల్లు మారుతుంది. పైగా ఎక్కువ పోస్తే ఎక్కువ చల్లబడదు. కండెన్సర్‌లో ద్రవం నిండి, ప్రెజర్ పెరిగి, ఉన్న చల్లదనమూ పోతుంది.

గ్యాస్ డబ్బాని తూకం మీద నిలబెట్టండి, తలకిందులు చేయకండి. ద్రవం నేరుగా వెళ్తే కంప్రెసర్ దాన్ని నొక్కలేక విరుగుతుంది. గొట్టంలోని గాలి ముందు వదిలేయండి. ఇంజిన్ నడుస్తూ, ఏసీ పూర్తి చల్లదనం మీద, బ్లోయర్ చివరి స్పీడులో ఉండగా లో సైడ్ (తక్కువ ఒత్తిడి వైపు, నీలిగొట్టం) వాల్వు మాత్రమే కొద్దికొద్దిగా తెరవండి. ఎక్కువ ఒత్తిడి వైపున్న ఎర్రగొట్టం వాల్వు మూసే ఉండాలి. అది తెరిస్తే అటువైపు 200 పీఎస్‌ఐకి పైగా ఒత్తిడి డబ్బాలోకి ఎదురు వెళ్లి, డబ్బా చేతిలోనే పగులుతుంది. నిదానంగా ఎక్కుతోందని నిప్పు చూపించకండి. గోరువెచ్చని నీళ్లలో పెడితే సరిపోతుంది, తూకం వేసేముందు తుడవండి.

స్టిక్కర్ మీది గ్రాములు చేరాక ఆపండి. "ఇంకో చుక్క" వద్దు. డాష్‌బోర్డు మధ్యలో గాలి వచ్చే రంధ్రంలో థర్మామీటర్ పెట్టి, అద్దాలు మూసి పది నిమిషాలు ఆగండి. మామూలు ఎండకి పది డిగ్రీలలోపు రావాలి. బండి కింద నీళ్లు కారితే అది ఏసీ నీళ్లే, సంతోషించండి. చివరగా గేజి తగిలించిన రెండు పోర్టుల మూతలు బిగించండి. లోపలి చిన్న పిన్ను ఒక్కటే గ్యాస్‌ని ఆపలేదు, మూత కూడా ఉండాలి. ఎక్కించిన గ్రాములు, తేదీ ఒక టేపు ముక్క మీద రాసి స్టిక్కర్ పక్కనే అంటించండి.