ఫేజ్ తలలో డీఎన్ఏ ఎంత బిగువుగా ఉందో లెక్కకట్టడం ఎలా?

ఫేజ్ అంటే బ్యాక్టీరియాకు సోకే వైరస్, దాని తల అంటే డీఎన్ఏను దాచుకునే ప్రోటీన్ గుల్ల. అలాంటి వాటిలో ఒకటైన లాంబ్డా ఫేజ్ డీఎన్ఏలో 48,502 బేస్ జతలు (డీఎన్ఏ నిచ్చెన మెట్లు) ఉంటాయి. జతకు 0.34 నానోమీటర్ల చొప్పున లెక్కేస్తే పొడవు 16,490 నానోమీటర్లు. అదంతా పట్టాల్సిన తల లోపలి వ్యాసం దాదాపు 58 నానోమీటర్లు.

ముందు దీన్ని చేత్తో చేసి చూడండి. నానోమీటరును మిల్లీమీటరు అనుకుంటే, 2 మిల్లీమీటర్ల మందం, పదహారున్నర మీటర్ల పొడవున్న తీగను 58 మిల్లీమీటర్ల గుల్ల బంతిలోకి ఒకే బెజ్జం గుండా దించాలి. దారం వాడొద్దు. డీఎన్ఏ బిరుసైనది, 50 నానోమీటర్ల మేర దాదాపు నిటారుగానే ఉంటుంది. దారం ఎక్కడపడితే అక్కడ మడతపడి తప్పు చూపిస్తుంది. ప్లాస్టిక్ తొడుగున్న తీగైతే గోడను ఒరుసుకుంటూ చుట్లు తిరుగుతుంది. నిండిన ఫేజ్ తలల్లోనూ గోడ పక్కన వరుసలు తీరుగా కనిపిస్తాయి, నడిమికి వచ్చేకొద్దీ ఆ తీరు చెదురుతుంది.

ఇక లెక్క. బిగువుగా పేర్చిన డీఎన్ఏ పోగులు అడ్డుకోతలో తేనెపట్టు గదుల్లా ఆరు మూలల అమరికలో ఉంటాయి. పక్కపక్క పోగుల మధ్యబిందువుల దూరం కావాలంటే:

1. లోపలి వ్యాసార్ధం 29 తీసుకుని గోళం ఘనపరిమాణం కట్టండి: 4.19 × 29 × 29 × 29, అంటే సుమారు 1,02,000 ఘన నానోమీటర్లు.
2. డీఎన్ఏ పొడవును 0.866తో గుణించండి: 14,280.
3. మొదటిదాన్ని రెండోదానితో భాగించి వర్గమూలం తీయండి: 2.67 నానోమీటర్లు.

ఎక్స్-రే కొలతల్లో వచ్చేదీ ఇంచుమించు 2.7. పోగు మందమే 2 కాబట్టి మధ్యలో నీటికీ అయాన్లకూ మిగిలేది ముప్పావు నానోమీటరు కూడా లేదు.

అందరూ తప్పేది మొదటి మెట్టు దగ్గరే. బయటి వ్యాసం 63 వేసేస్తే దూరం 3.03 వస్తుంది. చిన్న తేడాలా కనిపిస్తుంది కానీ, 37,700 బేస్ జతలే ఉన్న కురచ ఫేజ్‌కు రావాల్సిన అంకె అది. పోగుల మధ్య వికర్షణ సుమారు ప్రతి 0.3 నానోమీటర్లకూ దాదాపు మూడో వంతుకు పడిపోతుంది కనుక, ఆ వికర్షణ వల్ల తల లోపల పుట్టే పీడనం అంచనా పూర్తిగా గల్లంతవుతుంది. లాంబ్డా విషయంలో డీఎన్ఏ బయటికి రాకుండా పూర్తిగా ఆపడానికి 2003లో చేసిన ప్రయోగంలో బయటినుంచి దాదాపు 20 అట్మాస్ఫియర్ల ఆస్మాటిక్ పీడనం (చుట్టూ ఉన్న చిక్కటి ద్రావణం కలిగించే పీడనం) కావలసివచ్చింది.

ఇంత బిగువు తనంతట తాను రాదు. తల బెజ్జం దగ్గర కూర్చున్న ప్రోటీన్ మోటారు ఏటీపీ (కణానికి ఇంధనంలాంటి అణువు) ఖర్చుపెట్టి డీఎన్ఏను లోపలికి తోస్తుంది. ఫై29 అనే మరో ఫేజ్ మోటారు 57 పికోన్యూటన్ల దాకా లాగగలదని 2001లో కొలిచారు. మొదట్లో సెకనుకు వంద బేస్ జతల వేగం ఉంటుంది, తల నిండేకొద్దీ మందగిస్తుంది. మొత్తం పని ఐదారు నిమిషాలు. లోపల మెలికలు సర్దుకోవడానికి మాత్రం పది నిమిషాలకు పైగా పడుతుంది, అందుకే చుట్లన్నీ చక్కగా తీర్చినట్టుండే బొమ్మలను యథాతథంగా నమ్మకూడదు.

ప్రయోగశాలలో ఫేజ్ నిల్వ చేసేవాళ్లకు ఈ లెక్క నేరుగా పనికొస్తుంది. బేస్ జతకు రెండు చొప్పున లోపల 97,004 రుణావేశాలు ఒకదాన్నొకటి తోసుకుంటుంటాయి. వాటిని చల్లార్చేవి ధనావేశమున్న మెగ్నీషియం, పాలీఅమీన్లనే చిన్న అణువులు. నిల్వ ద్రావణంలో 8 మిల్లీమోలార్ మెగ్నీషియం సల్ఫేట్ వేసేది ఇందుకే. లోహ అయాన్లను పట్టేసే ఈడీటీఏ అనే రసాయనం తగిలితే మెగ్నీషియం ఊడిపోయి తలలు పగులుతాయి. డీఎన్ఏలో కొంత భాగం లేని ఉత్పరివర్తకాలు (జన్యుమార్పు వచ్చిన ఫేజ్‌లు) మాత్రం తట్టుకుంటాయి, లోపల బిగువు తక్కువ కదా. గోడను బిగించే జీపీడీ ప్రోటీన్ లేని లాంబ్డా కూడా డీఎన్ఏ మామూలు పొడవులో 82 శాతానికి మించకపోతేనే నిలుస్తుంది. క్లోనింగ్‌లో, అంటే ఫేజ్ డీఎన్ఏలో వేరే డీఎన్ఏ ముక్కను అతికించేటప్పుడు, ఆ ముక్కతో కలిపి పొడవు మామూలు జీనోమ్‌లో 78 నుంచి 105 శాతం మధ్య ఉండేట్టు చూసుకోండి. ఆ హద్దులు దాటితే ప్లాక్‌లు (బ్యాక్టీరియా పొరపై ఫేజ్ చేసే ఖాళీ మచ్చలు) రావు.

ఈ పద్ధతి ఉత్త డీఎన్ఏ నింపుకునే వైరస్‌లకే వర్తిస్తుంది. ఎస్‌వీ40 అనే కోతుల వైరస్ తన 5,243 బేస్ జతలను అతిథేయి కణపు హిస్టోన్లనే ప్రోటీన్లకు చుట్టుకుంటుంది, అడినోవైరస్‌కు సొంత కోర్ ప్రోటీన్లున్నాయి. అక్కడ ముందు ప్రోటీన్ల ఘనపరిమాణం తీసేయాలి, ఆరు మూలల అమరిక అన్న ఊహనూ వదులుకోవాలి.